కాలేజీ ఆఫీసులో ‘రేపు రా’ అంటుంటే క్లాసు లిస్టులో పేరు ఎక్కించుకోవడం ఎలా

డిగ్రీ ఫస్టియర్‌లో చేరిన మూడో వారం, తెలుగు మేడమ్ అటెండెన్స్ పిలుస్తుంటే నా పేరు రాలేదు. క్లాసయ్యాక వెళ్లి అడిగితే లిస్టు రెండుసార్లు చూసి, "నువ్వు నా లిస్టులో లేవమ్మా, సంస్కృతంలో ఉన్నట్టున్నావ్, ఆఫీసులో కనుక్కో" అన్నారు. అడ్మిషన్ ఫారంలో సెకండ్ లాంగ్వేజ్ దగ్గర తెలుగు అని నా చేత్తో నేనే రాశాను. ఆఫీసుకి వెళ్తే కిటికీ దగ్గర సార్ తలెత్తకుండానే డిపార్ట్‌మెంట్ హెడ్, అంటే హెచ్‌ఓడీ రాసిస్తే మారుస్తాం అన్నారు. హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే ఆఫీసు వాళ్లు లిస్టు మార్చి పంపితే తీసుకుంటా అన్నారు. అలా కింది ఫ్లోర్‌కీ పై ఫ్లోర్‌కీ తొమ్మిది రోజులు తిరిగాను. చివరికి కంప్యూటర్‌లో ఆ మార్పు చేయడానికి పట్టింది నాలుగు నిమిషాలు, పక్కనే నిలబడి చూశాను కాబట్టి చెప్తున్నాను.

తర్వాత మా చెల్లికి, మా బస్తీలో ఇంకో నలుగురైదుగురు పిల్లలకు ఇలాంటి పనుల మీదే తోడు వెళ్లాను. ఒకరికి సెక్షన్ తప్పు పడింది, ఒకరికి అడిగిన ఎలెక్టివ్ ఇవ్వకుండా వేరేది అంటగట్టారు, ఒకబ్బాయికైతే ఫీజు కట్టినా పేరే ఎక్కలేదు. కాలేజీలు వేరు, మనుషులు వేరు, కానీ పని ఆగేది మాత్రం అదే రెండు మూడు చోట్ల. అవి ముందే తెలిస్తే ఇన్ని రోజులు తిరగక్కర్లేదు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఒక విషయం. ఎంత చిరాకేసినా క్లాసు మానకండి. చాలామంది చేసే తప్పు ఇదే, "లిస్టులో పేరే లేదు కదా, వెళ్లి ఏం లాభం" అని ఇంట్లో కూర్చుంటారు లేదా తప్పుగా వేసిన క్లాసుకి వెళ్లడం మొదలుపెడతారు. పేరు ఎక్కేలోపు నెల గడిచిపోతే ఆ నెల హాజరు ఎవరు ఇస్తారు? 75 శాతం లెక్క వచ్చినప్పుడు ఆఫీసు చేసిన తప్పు ఎవరికీ గుర్తుండదు, మీ పేరు పక్కన ఆబ్సెంట్లే కనిపిస్తాయి. మీరు కోరుకున్న క్లాసులోనే కూర్చోండి. ఆ లెక్చరర్‌కి మొదటి రోజే విషయం చెప్పి, రిజిస్టర్ చివర్లో పెన్సిల్‌తోనైనా పేరు రాసుకోమని అడగండి. మా తెలుగు మేడమ్ ఆ పని చేశారు. అరవై రెండు పేర్ల కింద, గీత కొట్టి, నా పేరు పెన్సిల్‌తో రాసుకుని రోజూ టిక్కు పెట్టారు. పేరు మారాక ఆ టిక్కులన్నీ పెన్నుతో దిద్దారు. ఆ పెన్సిల్ గీత లేకపోతే నా మొదటి సెమిస్టర్ హాజరు ఏమయ్యేదో చెప్పలేను.

ఇక ఆఫీసు సంగతి. మనం కిటికీ దగ్గరికెళ్లి "సార్, నా సబ్జెక్ట్ మార్చండి" అంటాం. ఆ కిటికీలో కూర్చున్న మనిషికి మార్చే అధికారం ఉండదు, ఆ మాట ఆయన మనతో చెప్పడు, "రేపు రా" అంటాడు. రేపు వెళ్తే ఇంకో సార్ ఉంటాడు, మళ్లీ కథ మొదటినుంచి చెప్పాలి. అందుకని మొదటి రోజు మార్చమని అడగకండి, ఈ ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఈ మార్పు ఎవరి లాగిన్‌లో చేస్తారు? దానికి ఎవరి సంతకం కావాలి?" అంతే. ఈ రెండు ముక్కలు తెలిస్తే సగం పని అయినట్టే. చాలా కాలేజీల్లో లాగిన్ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరో, అడ్మిషన్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్ దగ్గరో ఉంటుంది. సంతకం ప్రిన్సిపాల్‌ది, కొన్నిచోట్ల వైస్ ప్రిన్సిపాల్‌ది లేదా అకడమిక్ కోఆర్డినేటర్‌ది. హెచ్‌ఓడీ సిఫార్సు రాస్తారు తప్ప మార్చరు. నన్ను తొమ్మిది రోజులు తిప్పిన ఇద్దరిలో ఒక్కరి చేతిలో కూడా ఆ పని లేదు, ఆ సంగతి నాకు చెప్పింది అటెండర్ అన్న. మెట్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే చూసి, "గిట్ల తిరిగితె కాదు బిడ్డా, కాగితం వెట్టు, ఇన్‌వర్డ్ చేయించుకో, పెద్దసారు టేబుల్ మీదికి నేను పంపిస్త" అన్నాడు. అటెండర్లను తక్కువగా చూడకండి. ఏ సార్ ఎప్పుడు సీట్లో ఉంటాడు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నది వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పేరు కనుక్కుని అన్నా అని పిలిచి మర్యాదగా అడగండి, డబ్బులు మాత్రం ఇవ్వకండి.

మన సిస్టమ్ గురించి ఒక ముక్క తెలిసి ఉంటే ఎవరేం చెప్పినా అర్థమవుతుంది. తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి, అదే ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో సీబీసీఎస్, అంటే సబ్జెక్టులు మనం ఎంచుకునే క్రెడిట్ల పద్ధతి కూడా వచ్చింది. సీటు, కాలేజీ, కోర్సు ఇవి దోస్త్‌లో తేలతాయి. సెక్షన్, టైమ్‌టేబుల్, క్లాసు లిస్టు లాంటివి కాలేజీలోనే తేలతాయి. కాబట్టి సెక్షన్ మార్పు అడిగితే "దోస్త్‌లో మారాలి, మా చేతుల్లో లేదు" అంటే నమ్మకండి. బీకాం నుంచి బీఏకి మారాలి లాంటివైతే మాత్రం నిజంగానే దోస్త్ ద్వారానే, దానికి అడ్మిషన్ల చివర్లో అదే కాలేజీలో కోర్సు మార్చుకునే ఇంట్రా కాలేజ్ విడత అని ఒకటి ఇస్తారు, అది దాటితే కష్టం. ఇక పరీక్ష ఫీజు నోటిఫికేషన్ వచ్చేసరికి లిస్టులో ఏ పేపరు ఉంటే ఆ పేపరే హాల్ టికెట్‌లోకి వెళ్తుంది, అప్పుడు మార్చాలంటే యూనివర్సిటీ దాకా పోవాలి. అందుకే ఈ పనికి అసలు గడువు పరీక్ష ఫీజు చివరి తేదీ కాదు, దానికి కనీసం రెండు మూడు వారాల ముందు.

కాగితం ఎలా రాయాలి

మాట మీద ఏ ఆఫీసూ కదలదు. నేను తొమ్మిది రోజులు మాట్లాడాను, ఎక్కడా నేను వచ్చినట్టు గుర్తు లేదు. పదో రోజు ఒక పేజీ రాశాను, మూడో రోజుకి పని అయింది. తెల్ల కాగితం చాలు. తెలుగులో రాయొచ్చా అని చాలామందికి భయం, నిక్షేపంగా రాయొచ్చు, మన రాష్ట్రంలో అధికార భాష అదే, ఉర్దూ కూడా రెండో అధికార భాష. ఇంగ్లిష్‌లో తప్పులతో రాసే బదులు వచ్చిన భాషలో శుభ్రంగా రాయడం మేలు.

నేను రాసింది ఇంచుమించు ఇలా ఉంది, మీ వివరాలు మార్చుకుని వాడుకోండి:

ప్రిన్సిపాల్ గారికి,
విషయం: నా సెకండ్ లాంగ్వేజ్‌ను తెలుగుగా సరిచేసి, తెలుగు క్లాసు హాజరు పట్టికలో పేరు చేర్చమని మనవి.
అయ్యా, నేను బీకాం మొదటి సంవత్సరం బి సెక్షన్ విద్యార్థినిని. అడ్మిషన్ నంబర్ ఫలానా. అడ్మిషన్ ఫారంలో సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు ఎంచుకున్నాను, ఆ ఫారం జిరాక్స్ జత చేశాను. క్లాసు లిస్టులో మాత్రం నా పేరు సంస్కృతం కింద ఉంది. ఫలానా తేదీన అడ్మిషన్ సెక్షన్‌లోను, ఫలానా తేదీన హెచ్‌ఓడీ గారిని కలిసి విషయం చెప్పాను. క్లాసులు మొదలైనప్పటి నుంచి నేను తెలుగు క్లాసుకే హాజరవుతున్నాను. పరీక్ష ఫీజు నోటిఫికేషన్ రాకముందే లిస్టు సరిచేయించి, ఇప్పటివరకు ఉన్న హాజరు కూడా నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాను.
ఇట్లు, మీ విద్యార్థిని, సంతకం, ఫోన్ నంబర్, తేదీ.

ఇందులో కోపం లేదు, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఎవరు తప్పు చేశారో రాయకండి, రాస్తే ఆ మనిషి తనను కాపాడుకునే పనిలో పడతాడు, మీ పని పక్కకు పోతుంది. ఏ రోజు ఎవరిని కలిశారో తేదీలు మాత్రం రాయండి. ఆ తేదీలే చెప్పాల్సింది చెప్తాయి. ఒక కాగితంలో ఒక్క విషయమే రాయండి, స్కాలర్‌షిప్ సంగతి, బస్ పాస్ బోనఫైడ్ సంగతి కలపకండి. కింద క్లాసు లెక్చరర్‌తో "ఈ విద్యార్థిని నా క్లాసుకు హాజరవుతోంది" అని ఒక లైను, సంతకం పెట్టించుకోగలిగితే ఆ కాగితం బరువే మారిపోతుంది. లెక్చరర్లు ఆఫీసు వాళ్లతో గొడవకు రారు గానీ, నిజం రాయమంటే చాలామంది రాస్తారు.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ కాగితం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి, రెండోదాని మీద కాలేజీ స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. ఇన్‌వర్డ్ అంటే ఆఫీసుకి వచ్చిన ప్రతి కాగితాన్నీ రాసుకునే రిజిస్టరు. పొడుగ్గా, అట్ట ఊడిపోయి, దారంతో కుట్టిన పుస్తకం ఒకటి ఏదో టేబుల్ మీద ఉంటుంది, కొన్నిచోట్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది. అందులో నంబరు పడిందంటే మీ కాగితం పోయిందనడానికి వీల్లేదు, ఎవరో ఒకరు జవాబు రాయాలి. "ఆ, పెట్టి వెళ్లమ్మా, చూస్తాం" అంటారు. పెట్టి వెళ్లకండి. "సార్, నా కాపీ మీద నంబర్ వేసివ్వండి, ఇంట్లో చూపించాలి" అనండి. ఇంట్లో చూపించాలి అనే మాట బాగా పని చేస్తుంది, ఎందుకంటే అది ఎదురు తిరిగినట్టు వినిపించదు, నిజం కూడా. మొండికేసి నంబర్ వేయకపోతే గొడవపడకుండా బయటికొచ్చి, ఆ కాగితాన్నే పోస్టాఫీసులో స్పీడ్ పోస్టులో ప్రిన్సిపాల్ పేరు మీద పంపండి, రసీదు దాచుకోండి. అదే సాయంత్రం కాలేజీ ఈమెయిల్‌కి కూడా ఫొటో తీసి పంపండి. మా చెల్లి విషయంలో పోస్టు అందిన మర్నాడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, అంతకుముందు రెండు వారాలు ఆ కిటికీలో ఎవరూ దాని మొహం కూడా చూడలేదు.

జిరాక్సులు కాలేజీ ఎదురుగా ఉన్న షాపులో కాకుండా ముందురోజే తీయించుకోండి. అడ్మిషన్ల సీజన్‌లో అక్కడ అరగంట నిలబడాలి, ఈలోపు సార్ లంచ్‌కి వెళ్లిపోతాడు. ఒక ఫైలు కొనుక్కుని దోస్త్ అలాట్‌మెంట్ కాగితం, ఫీజు రసీదులు, అడ్మిషన్ ఫారం కాపీ, కాలేజీ ఐడీ అన్నీ అందులో పెట్టుకోండి. అడ్మిషన్ ఫారం కాపీ లేకపోతే? నాకూ లేదు. ఫారం నింపినప్పుడు ఫ్రెండ్ ఒకమ్మాయి తన ఫారం ఎలా రాయాలో చూసుకోవడానికి నాది ఫోన్‌లో ఫొటో తీసుకుంది, అదే ప్రింట్ తీయించి పెట్టాను. మీరు ఇంకా చేరకముందే ఇది చదువుతుంటే, సంతకం పెట్టిన ప్రతి ఫారం ఇచ్చేముందు ఒక ఫొటో తీసుకోండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చే నోటీసులు కూడా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా మాట్లాడాలి

నా అనుభవంలో పదిన్నర నుంచి పన్నెండు లోపు మంచి టైమ్. పొద్దున్నే వెళ్తే సిస్టమ్స్ ఆన్ చేస్తూ ఉంటారు, లంచ్ తర్వాత సార్ సీట్లో దొరకడు, నాలుగు దాటితే బ్యాగు సర్దుకుంటూ ఉంటారు. ఫీజు చివరి తేదీ రోజు, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ రోజు అస్సలు వెళ్లకండి, ఆ రోజు దేవుడు దిగొచ్చినా పని కాదు. నిజం చెప్పాలంటే ఆ కిటికీ వెనక మనుషుల మీద నాకు ఇప్పుడు కోపం లేదు. వందల మంది పిల్లలకు ఇద్దరే ఉంటారు, ఒక్కోసారి జీతం కూడా టైముకి రాదు, ఎవరో పైవాళ్లు చేసిన తప్పుకి తిట్లు వీళ్లు తింటారు. అది అర్థం చేసుకుంటే మన గొంతు దానంతటదే మారుతుంది. కానీ అర్థం చేసుకోవడం వేరు, ఊరుకోవడం వేరు. వాళ్లకు పని ఎక్కువైందని నా సెమిస్టర్ పోగొట్టుకోలేను కదా.

అందుకని మెత్తగా, కానీ కదలకుండా మాట్లాడాలి. "రేపు రా" అంటే "సరే సార్, రేపు ఎన్నింటికి రమ్మంటారు? మీరే ఉంటారా?" అని అడిగి, వాళ్ల ముందే ఫోన్‌లో రాసుకోండి. పేరు తెలియకపోతే "సార్, మీ పేరు చెప్తారా, రేపు మీ కోసమే అడుగుతాను" అనండి. "కుదరదు" అంటే ఏ రూల్ ప్రకారం అని గొంతు పెంచకండి, "సరే సార్, కుదరదని ఈ కాగితం మీదే ఒక లైన్ రాసి సంతకం పెట్టండి, మా నాన్నకు చూపిస్తా" అనండి. కుదరదని నోటితో చెప్పేవాళ్లలో చాలామంది ఆ మాట రాసివ్వరు. రాయలేని ‘కుదరదు’ అసలు రూల్ కాదు. ఒకవేళ నిజంగానే రాసిచ్చారనుకోండి, అదీ మంచిదే, ఆ కాగితంతో పైకి వెళ్లొచ్చు. ఇంకోటి, ఫోన్‌లో దొంగచాటుగా వీడియో తీయడం, ఇన్‌స్టాలో పెట్టడం లాంటివి చేయకండి. మా బస్తీ అబ్బాయి ఒకడు చేశాడు, సబ్జెక్ట్ మార్పు పక్కకు పోయి వాడి మీద క్రమశిక్షణ నోటీసు వచ్చింది, చివరికి వాళ్ల అమ్మ వచ్చి బతిమాలుకోవాల్సి వచ్చింది.

అమ్మానాన్నలను తీసుకెళ్లే విషయం కొంచెం ఆలోచించి చేయండి. మా నాన్న ఆటో నడుపుతారు. ఆరో రోజు నేను ఏడుస్తున్నానని మధ్యాహ్నం గిరాకీ వదులుకుని వచ్చారు. కాకీ చొక్కా మీదే వచ్చి, కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడి "సార్, పాప సబ్జెక్ట్ గురించి" అన్నారు, లోపలి నుంచి "పక్కకు జరగవయ్యా, లైన్‌లో ఉన్నారు" అన్నారు. మా నాన్న ఏమీ అనకుండా గోడ పక్కకు జరిగి గంటన్నర అలాగే నిలబడ్డారు. ఆ రోజు ప్రిన్సిపాల్ ఊళ్లోనే లేరు. ఆ సీను నాకు ఇప్పటికీ మర్చిపోవడం కష్టం, అందుకే చెప్తున్నాను, అమ్మానాన్నలను కిటికీ దగ్గరికి తీసుకెళ్లకండి. మీరే ముందు వెళ్లి, కాగితం ఇన్‌వర్డ్ చేయించి, ప్రిన్సిపాల్ ఏ రోజు ఎన్ని గంటలకు కలుస్తారో కనుక్కుని, ఆ రోజు నేరుగా ప్రిన్సిపాల్ రూమ్‌కే తీసుకెళ్లండి. పేరెంట్ వచ్చారంటే అక్కడ కుర్చీ వేస్తారు, అదే మనిషికి కిటికీ దగ్గర ఆ గౌరవం దొరకదు. మా నాన్న రెండోసారి వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ గారు కూర్చోమన్నారు, నా కాగితం తెప్పించి చూశారు, ఆకుపచ్చ ఇంకుతో పక్కన ఒక లైను రాసి సంతకం పెట్టారు. ఆ తర్వాతే ఆ నాలుగు నిమిషాలు.

ఒకే సమస్య క్లాసులో చాలామందికి ఉంటే విడివిడిగా తిరగకండి. అందరూ ఒకే కాగితం మీద పేరు, నంబరు, సంతకం పెట్టి, ఇద్దరు మాత్రమే లోపలికి వెళ్లండి. ఇరవై సంతకాలు చూసి పక్కన పెట్టేయడం ఏ ఆఫీసుకైనా కష్టమే. స్టూడెంట్ సంఘాల వాళ్లు "మేం చూసుకుంటాం" అని వస్తారు, కొన్నిసార్లు నిజంగానే పని చేయిస్తారు, కానీ జెండాలు వచ్చాక అది మీ కాగితం కాకుండా పోతుంది. నేనైతే వాళ్లను చివరికి ఉంచుకుంటాను.

"యూనివర్సిటీకి వెళ్లు" అంటే

ఇది వదిలించుకోవడానికి వాడే మాట. ఉస్మానియా క్యాంపస్ చిన్నదేం కాదు, తార్నాక దగ్గర దిగి లోపలికి వెళ్తే అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ ఒక చోట, ఎగ్జామినేషన్ బ్రాంచ్ ఇంకో చోట. ఆడపిల్లలకు ఆధార్ చూపిస్తే సిటీ బస్సులో జీరో టికెట్టే, కానీ ఒక రోజంతా పోతుంది, తీరా వెళ్లాక "మీ కాలేజీ లెటర్ ఏది?" అంటారు. కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ సంతకంతో కవరింగ్ లెటర్ లేకుండా అక్కడికి వెళ్లకండి. "యూనివర్సిటీకి వెళ్లు" అనగానే "సరే సార్, ఏ సెక్షన్‌లో ఇవ్వాలో రాసి లెటర్ ఇవ్వండి, నేనే తీసుకెళ్తా" అనండి. నిజంగా అక్కడి పనే అయితే లెటర్ ఇస్తారు. కాకపోతే ఆ లెటర్ రాయడం కన్నా మార్చడమే తేలికని వాళ్లే మారుస్తారు.

స్టాంపు పడ్డాక కూడా కదలకపోతే

ఒక వారం ఆగండి. తర్వాత అదే ఇన్‌వర్డ్ నంబరు రాసి "ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తుపై ఏం చేశారో తెలపండి" అని రెండు లైన్ల గుర్తుచేసే కాగితం పెట్టండి. అప్పటికీ కదలిక లేకపోతే చాలామందికి తెలియని దారి ఒకటుంది. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే జాతీయ సంస్థ యూజీసీ 2023లో తెచ్చిన రెగ్యులేషన్ల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదులు వినే కమిటీ ఒకటి ఉండాలి, అందులో ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి ఒకరు ఉండాలి, విద్యార్థుల తరఫున కూడా ఒకరిని పిలవాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో వాళ్లు తేల్చి నివేదిక ఇవ్వాలి. వాళ్ల నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీ స్థాయిలో అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీల్ చేసుకోవచ్చు, అక్కడ 30 రోజుల గడువు. మీ రెండో కాగితంలోనే "ఈ విషయం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ముందు పెట్టమని కోరుతున్నాను" అని రాయండి. కమిటీ పేరుకే ఉన్న కాలేజీల్లో కూడా ఆ వాక్యం చూస్తే ఆఫీసులో కదలిక వస్తుంది, నేను ఒక చోట కళ్లారా చూశాను. యూజీసీకి ఈ-సమాధాన్ అనే ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది, ఇంట్లో కూర్చుని ఫిర్యాదు పెట్టి నంబర్ తీసుకోవచ్చు.

ఇక సమాచార హక్కు, 2005 చట్టం. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న పేదలకు అదీ లేదు, తెలుగులోనే రాయొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రభుత్వ కాలేజీలకు నేరుగా పెట్టొచ్చు. ప్రైవేటు కాలేజీ అయితే యూనివర్సిటీకి పెట్టి, ఆ కాలేజీ గురించి వాళ్ల దగ్గరున్న రికార్డు అడగొచ్చు. "ఎందుకు మార్చలేదు" అని అడగకండి, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు రాదు. "ఫలానా తేదీ, ఫలానా ఇన్‌వర్డ్ నంబర్ దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది, దానిపై రాసిన నోట్ కాపీ ఇవ్వండి" అని అడగండి. నెల రోజుల గడువు కాబట్టి పరీక్షల ముందు దీన్నే నమ్ముకుని కూర్చోకండి, మిగతా దారులతో పాటు ఇదీ నడవాలి.

రెండు విషయాల్లో మాత్రం ఓపిక పట్టకండి. సబ్జెక్ట్ మార్చడానికి, లిస్టులో పేరు ఎక్కించడానికి రసీదు లేకుండా డబ్బులు అడిగితే, అది వంద రూపాయలైనా సరే, ఇవ్వకండి. "రసీదు ఇస్తారా సార్" అని అడగండి. ప్రభుత్వ కాలేజీ ఉద్యోగి అయితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్ ఫ్రీ నంబర్ 1064 ఉంది. రెండోది, పని చేసిపెడతాం గానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడ ఉంచి వెళ్లు అంటే ఉంచకండి. చూసి, సరిపోల్చుకుని ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. జిరాక్స్ మీద మీరే సంతకం పెట్టి ఇవ్వండి, అది చాలు.

మార్చేశాం అని చెప్పాక అక్కడితో వదిలేయకండి. నాది మార్చిన రోజు ఆపరేటర్ మేడమ్‌ని అడిగి స్క్రీన్ చూశాను, నా పేరు పక్కన తెలుగు అని కనపడింది, ప్రింట్ తీసిమ్మంటే ఇచ్చారు. మరి రెండు రోజులకు క్లాసులో చూస్తే తెలుగు లిస్టులో పేరు చేరింది, సంస్కృతం లిస్టులోంచి మాత్రం తీయలేదు. అక్కడ రోజూ ఆబ్సెంట్ పడుతూనే ఉంది. మళ్లీ వెళ్లి తీయించుకోవాల్సి వచ్చింది. కాబట్టి కొత్త లిస్టులో ఉన్నారా, పాత లిస్టులోంచి పోయారా రెండూ చూసుకోండి. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు ఏ పేపర్లు చూపిస్తోందో చదివాకే కట్టండి, హాల్ టికెట్ వచ్చిన రోజే పేపర్ పేర్లు, కోడ్‌లు టైమ్‌టేబుల్‌తో సరిపోల్చండి, రిజల్ట్ వచ్చాక మెమోలోనూ చూడండి. స్టాంపు వేసిన ఆ కాపీని డిగ్రీ పూర్తయి టీసీ చేతికొచ్చేదాకా ఫైల్లోనే ఉంచండి. నాది ఇంకా ఉంది, ఇన్‌వర్డ్ నంబర్ నీలం ఇంకుతో, పక్కన ప్రిన్సిపాల్ గారి ఆకుపచ్చ సంతకం, కింద తెలుగు మేడమ్ రాసిన ఒక్క లైను.